రేగొండ గోదాములో నీలి దీపం

రేగొండ దాటి మొగుళ్లపల్లి దిక్కు పోయే తొవ్వలో, ఇండ్లు అయిపోయి చేన్లు మొదలయ్యే కాడ ఒక రేకుల గోదాము ఉండేది. పగటిపూట చూస్తే భయపడేటందుకు ఏమీ లేదు. తుప్పు పట్టిన షట్టరు, దాని ముందట మూడు దిక్కుల గోడలున్న వరండా, పైన రేకుల కప్పు, కింద షాబాదు బండలు. ఎండ ముదిరితే మేకలు వచ్చి ఆ నీడకు పండుకునేవి.

అమావాస్య నాడు పొద్దుగూకిందా — ఇక ఆ తొవ్వన మనిషి పోడు. పోవాల్సి వస్తే బండి వేగం పెంచి, ముక్కు మూసుకుని, నరసింహస్వామిని తలుచుకుంటూ పోవుడే. అక్కడ ఆగినవాడికి తల దిమ్మెక్కేది. రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టు దమ్ము ఆడేది కాదు. ఇంటికి పోయి కక్కుకునేవాడు. తెల్లారి వచ్చి చూస్తే... ఏమీ ఉండేది కాదు. అందుకే దమ్ముల గోదాము అని పేరు పడింది.

ఎదురుగా చాయ్ డబ్బా పెట్టుకున్న సారయ్య అయితే కండ్లారా చూసిండట. బండల సందుల్లోంచి నీలంగా ఒక దీపం లేచిందట. వత్తి లేదు, నూనె లేదు. దగ్గరికి పోయి చూడకపోయినవా అని ఎవరన్నా అడిగితే, "నువ్వు పో అన్నా, నీ చాయ్ చల్లారకుంట నేను మూత పెట్టి ఉంచుత" అనేటోడు.

నవ్వకండి. జర దగ్గరికి జరగండి. కొడవటంచ నరసింహస్వామికి మనసులో ఒక దండం పెట్టుకోండి. ఆ గోదాము గోడకు ఆనుకుని బతికిన ఆడమనిషి కథ ఇది. నేను విన్నది విన్నట్టే చెబుతాను.

గోదాము కైలాసం సావుకారిది. మక్కలు, కందులు, పెసళ్లు కొని వరంగల్ పంపే బేరం ఆయనది. అయితే ఊళ్లో అందరూ దాన్ని ఉమేష్ గోదాము అనే పిలిచేవారు. ఉమేష్ ఆయన తమ్ముడు. బస్తా దిగిన కాడి నుంచి లారీ ఎక్కేదాకా ఆ పిల్లగాడు అక్కడే. పండుగొచ్చినా పబ్బమొచ్చినా షట్టరు ముందరే కుర్చీ. పెండ్లయినంక గోదాముకు ఆనించి రెండు అర్రలు వేసుకుని, జనగామ నుంచి చేసుకొచ్చిన ప్రసన్నతో అక్కడే కాపురం పెట్టిండు. వాళ్లకొక బిడ్డ, వర్షిణి.

ఒక వానాకాలం, పరకాల తొవ్వలో ఉమేష్ బండి లారీకి తగిలింది. మనిషి దక్కలేదు. కైలాసం ఆ గోదాముకు తాళం వేసి, మార్కెట్ దగ్గర కొత్తది కట్టుకున్నాడు. ప్రసన్న మాత్రం ఆ రెండు అర్రలూ విడిచి రాలేదు. పెద్దింటికి రమ్మని కైలాసం పెండ్లాం, తోడికోడలు రాజేశ్వరి ఎన్నిసార్లు బతిమిలాడినా, ఆయన ఉన్న జాగ అక్కా, ఇక్కడనే ఉంట అంది.

ఉమేష్ పోయినంక వచ్చిన మొదటి అమావాస్యకే నీలి దీపం కనబడింది.

ఇంకేముంది... ఊరికి చెప్పాలా? ఉమేషే అన్నారు. పెండ్లాం బిడ్డలను విడిచి పోలేక తిరుగుతున్నాడు అన్నారు.

విచిత్రం ఏమిటంటే, ప్రసన్న భయపడలేదు. ఎందుకంటే ఆ రాత్రి దీపంతో పాటు ఒక వాసన వచ్చింది. ఎల్లిగడ్డ మురిగినట్టు, సన్నగా, ముక్కుకు అంటీ అంటనట్టు. ఆ వాసన ఆమెకు తెలుసు. సీజన్ రోజుల్లో ఉమేష్ గోదాము నుంచి వచ్చి అంగీ విడిస్తే వచ్చేది అదే వాసన. ఛీ, తలుపవతల విడువు అని ఎన్నిసార్లు కసిరిందో! ఇప్పుడు ఆ వాసన తగిలేసరికి గుండె కరిగిపోయింది. వచ్చినవా... అనుకుంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే ఊరికి ఇంకో సాక్ష్యం ఇచ్చినట్టే కదా.

కానీ రెండో అమావాస్యకు వర్షిణి పడింది.

నిద్రలోంచి లేచి కడుపు పట్టుకుని కక్కింది. తల పగులుతుంది అమ్మా అని ఏడ్చింది. రొమ్ము ఎగరేసుకుంటూ పొద్దెక్కేదాకా కొట్టుకుంది. ప్రసన్న పిల్లను వరంగల్ తీసుకపోతే, దవాఖానలో రక్తం తీసిండ్రు, ఫొటోలు తీసిండ్రు. అన్నీ మంచిగనే ఉన్నాయన్నారు. పిల్ల కూడా అప్పటికే లేచి ఆడుకుంటోంది. ఏదో తినరానిది తిన్నట్టుందమ్మా అని పంపించిండ్రు.

మూడో అమావాస్యకు మళ్లీ అదే. నాలుగో అమావాస్యకు పిల్లను జనగామలో తమ్ముని ఇంట్లో ఉంచితే... తుమ్ము కూడా తుమ్మలేదు.

అప్పుడు పుట్టింది అనుమానం.

తండ్రి అయితే బిడ్డను ఎందుకు బాధ పెడతాడు? ప్రసన్నకు ఈ ప్రశ్న నిద్ర పట్టనివ్వలేదు. ఎవరో చెబితే మానుకోట అవతల సోది చెప్పే ఒక అవ్వ దగ్గరికి పోయింది. అవ్వ చాటలో బియ్యం కదిలించి, మెల్లగా అన్నది:

"సచ్చినోడు పిల్లను పట్టడు బిడ్డా. బతికున్న మనిషి చెయ్యి ఉన్నది దీంట్ల. మీ గడప తొక్కే ఆడామెనే."

గడప తొక్కే ఆడామె ఎవరున్నారు? ఒక్క రాజేశ్వరి.

ఇక చూడండి, అనుమానం ఎట్లా పని చేస్తుందో. చెద లాంటిది అది, పైకి కనబడకుండా లోపల మొత్తం తినేస్తుంది. రాజేశ్వరి పంపిన తొక్కు జాడీ మూత తీయబుద్ధి కాలేదు. ఆమె వర్షిణి చేతికి కట్టిన ఎర్రదారం కనబడితే, కత్తిరించి పొయ్యిలో వేసింది. ఆడపిల్లలు లేని మనిషి నా పిల్లను అంతగనం ఎందుకు ముద్దు చేస్తుంది అనిపించింది. అమావాస్య తెల్లారి వరండాలోకి పోయి చూస్తే బండలు తడిగా ఉన్నాయి. వాన లేదు. వాన పడినా కప్పు కింద తడవదు. తడి మీద రెండు బంతిపూల రేకలు.

సారయ్యను కదిలించింది. ఆయన ముందు నీళ్లు నమిలి, తర్వాత గొంతు తగ్గించి చెప్పిండు. పొద్దుగూకినంక పెద్ద సావుకారమ్మ కొంగు కింద బిందె పెట్టుకుని, ఉత్త కాళ్లతో, వెనక్కి చూడకుండా పోయిందట. తాను పలకరిస్తే కూడా పలకలేదట.

ప్రసన్న మరునాడే పెద్దింటికి పోయి, మాటల్లో మాటగా అడిగింది. "అక్కా, అమావాస్య నాడు మా దిక్కుగిన వచ్చినవా?"

రాజేశ్వరి చేతిలో చాట ఆగిపోయింది. "నేనెందుకొస్తనే... నడుము లేస్తలేదు నాకు" అని మొఖం అటు తిప్పుకుంది.

అయిపోయింది. ఇంకేం కావాలి?

ప్రసన్న తమ్ముడు హరీష్‌కు ఫోన్ చేసింది. జనగామలో బట్టల దుకాణం అతనిది, నోరు కొంచెం పెద్దది. వచ్చే అమావాస్యకు తరిగొప్పుల నుంచి ఇద్దరు దోస్తులను కూడా వెంటేసుకుని దిగిండు. దెయ్యమైతే సెల్ఫీ, మనిషైతే వీడియో అని నవ్విండు. చేతిలో బిందెతో దొరికితే వీడియో తీసి, చౌరస్తాలో నిలబెట్టి, ఊరందరికీ చూపిస్తం అన్నాడు. బాణామతి చేస్తుందని పేరు పడ్డ ఆడమనిషిని ఊరు ఏం చేస్తుందో ప్రసన్నకు తెలియనిది కాదు. తెలిసే పిలిచింది. పిల్ల పాణం ముందట ఆమెకు ఇంకేదీ కనబడలేదు.

అది చలి కొరికే నెల. అమావాస్య నాడు మార్కెట్ బంద్, బేరం బంద్. కైలాసం ఆ రోజు కొడవటంచ పోయి స్వామి దగ్గర కూర్చుని రాత్రికి గానీ రాడు. పిల్లను ఈసారి జనగామ పంపలేదు. తెల్లారితే బళ్లో పరీక్ష. లోపలి అర్రలో రగ్గు కప్పి పండబెట్టి, ప్రసన్న ముందటి తలుపు వారగా తీసి చీకట్లో నిలబడింది. హరీష్, దోస్తులు గోదాము మూలకు నక్కిండ్రు.

కుక్క కూడా మొరగలేదు.

చాలాసేపటికి... తొవ్వ మీద ఆకారం కదిలింది. ఉత్త కాళ్లు. తల మీదుగా కప్పుకున్న కొంగు. చంకలో బిందె.

రాజేశ్వరే.

వరండాలోకి వచ్చి, షట్టరు ముందట బిందె వంచింది. బంతిపూల రేకలు వేసిన నీళ్లు బండల మీద పడి, గుడగుడమని సందుల్లోకి ఇంకిపోయాయి. పెదవులు కదులుతున్నాయి... మాట మాత్రం బయటికి లేదు. ఏదో చదువుతోంది!

హరీష్ ఎగిరి దుంకి చెయ్యి పట్టుకున్నాడు. ఫోన్ల వెలుతురు మొఖం మీద పడింది.

ఏం మంత్రం, ఎవలు నేర్పిండ్రు, పిల్లను ఎందుకు పట్టినవు అని గద్దించిండు. రాజేశ్వరి నోరు విప్పలేదు. చెయ్యి మెలిపెట్టిండు. కండ్లలోంచి నీళ్లు కారాయి గానీ, పెదవులు బిగబట్టి తల అడ్డంగా ఊపుతోంది. ప్రసన్న దగ్గరికి వచ్చి, "చెప్పు అక్కా... నా పిల్ల నీకేం చేసింది?" అని అడిగింది. దానికీ మౌనమే. ఏ తప్పూ చేయనిదైతే మాట్లాడదా? హరీష్ దోస్తు వీడియో తీస్తూ, దొరికినంక అందరూ మూగోళ్లే అన్నాడు.

అంతలో ఆ దోస్తే దగ్గిండు. ఒకసారి... రెండుసార్లు... తర్వాత ఆగలేదు.

వాసన. ఎల్లిగడ్డ మురిగిన వాసన. ఇంతకు ముందెన్నడూ లేనంత గాఢంగా.

ఫోన్ కింద పడి ఆరిపోయింది. ఆ చీకట్లో, రాజేశ్వరి పాదాల పక్కన, బండల సందులోంచి నీలంగా ఒక నాలుక లేచింది. చప్పుడు లేదు. ఒకటి ఆరింది. ఇంకో సందులోంచి ఇంకొకటి...

హరీష్ చెయ్యి విడిచిండు. దోస్తులు ఎటు ఉరికిండ్రో వాళ్లకే తెలియదు. వాళ్ల వెనకనే హరీష్ కూడా ఉరికిండు.

లోపలి అర్రలో వర్షిణి కక్కుతున్న చప్పుడు.

అప్పుడు... అంతసేపూ చెయ్యి విరుగుతున్నా నోరు తెరవని రాజేశ్వరి అరిచింది: "పిల్లను బైటికి ఎత్కపో ప్రసన్నా! తొవ్వ మీదికి ఎత్కపో!"

ప్రసన్న పిల్లను ఎత్తుకుని చాయ్ డబ్బా దాకా ఉరికింది. చలిగాలి మొఖానికి తగిలేసరికి పిల్ల రెండు దమ్ములు పెద్దగా పీల్చి, అమ్మా అంది. వెనక్కి తిరిగి చూస్తే రాజేశ్వరి రాలేదు. వరండాలో మోకాళ్ల మీద కూలి ఉంది.

ఒక్క క్షణం. ఒక్కటంటే ఒక్కటే క్షణం ప్రసన్న కాళ్లు కదలలేదు. పోనీ అనిపించిందో, ఎందుకనిపించిందో ఆమెకూ ఆ స్వామికీ ఎరుక. తర్వాత పిల్లను డబ్బాలోంచి బయటికొచ్చిన సారయ్య చేతిలో పెట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చీకట్లోకి ఉరికి, తోడికోడలిని రెండు చేతులా గుంజుకొచ్చింది.

రాజేశ్వరి తొవ్వ పక్కన కూలబడి చాలాసేపు దగ్గింది. దగ్గు తగ్గినంక ఏడ్చింది.

"మాట్లాడిన కదా... ఇగ నీళ్లు అందయి వానికి."

ఎవరికి అని అడిగింది ప్రసన్న. అప్పుడు చెప్పింది రాజేశ్వరి, ఎన్నడూ చెప్పనిది. లారీ తగిలిన నాడు ముందుగా అక్కడికి చేరింది ఆమే. ఉమేష్ తల ఆమె ఒడిలోనే ఉంది. వదినా, మంచినీళ్లు అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు దెబ్బ తగిలినోనికి నీళ్లు పోయొద్దమ్మా అన్నారు. చేతిలో సీసా ఉంది. పోయలేదు. అంబులెన్స్ రాకముందే పోయిండు.

దాహంతో పోయిన పాణానికి అమావాస్య నాడు, వాడు తిరిగిన జాగలో, ఎవరికీ చెప్పకుండా, ఎవరితో పలకకుండా నీళ్లు పోస్తే అందుతాయని పెద్దలు చెప్పిండ్రట. మొదటిసారి పోసి వచ్చి తొవ్వ మీద నిలబడి చూస్తే దీపం లేచింది. "వచ్చి తాగిండనుకున్న. తాగిండు కదా, ఇంకిన్ని పోత్త అని ప్రతి నెలా పోసిన. నీకు చెప్తె నీ కడుపు కోసినట్టని చెప్పలే."

అప్పుడే కైలాసం బండి వచ్చింది. సారయ్య ఫోన్ చేసిండో, మామూలుగా వస్తున్నాడో గానీ, మనిషి ఇంకా బండి దిగకముందే గాలి పీల్చి కట్టెలా బిగుసుకుపోయిండు.

"గోళీల వాసన. ఎవలు తెరిచిండ్రు గోళీలు? అందరు ఇంకా దూరం జరుగుండ్రి."

మక్కలకు, కందులకు పురుగు పట్టకుండా బస్తాల నడుమ పెట్టే మందు గోళీలవి. గాలిలో తేమ తగిలితే చాలు, విషం ఆవిరై లేస్తుంది. అందుకే పెట్టినంక తాటిపత్రి పట్టా కప్పి, మనిషిని దగ్గరికి రానివ్వరు. సీజన్ అయిపోతే సీసాల్లో కొన్ని మిగులుతాయి. చెత్తలో పారేస్తే గొడ్లు మూతి పెడతాయి, ఇంట్లో పెడితే పిల్లల చేతికి దొరుకుతాయి. ఉమేష్ జాగ్రత్త మనిషి. తర్వాత బండలు లేపితే గానీ తెలియలేదు: వరండాలో, వాన చినుకు పడని జాగ చూసి, బండ లేపి గుంత తీసి, ప్రతి సీజన్‌కూ మిగిలిన సీసాలు అందులో దాచి మళ్లీ బండ పరిచేవాడు. పొడిగా ఉన్నన్నాళ్లు అవి పడుకునే ఉన్నాయి. తుప్పు పట్టిన మూతల మీద బిందెడు నీళ్లు పడిన నాడల్లా లేచాయి. ఆ ఆవిరి తనంతట తానే అంటుకుంటే నీలి దీపం.

నాలుగు రోజులకు, తెలిసిన మనుషులు మూతికి మాస్కులు కట్టుకుని వచ్చి, పగటి ఎండలో బండలు లేపి అన్నీ తీసుకుపోయిండ్రు. హరీష్ జనగామ నుంచి ఫోన్ చేసి, పెద్దక్కకు నా మొఖం ఎట్ల చూపియ్యాలె అని ఏడ్చిండు. ఆ వీడియో ఉన్న ఫోన్‌ను ఆయన దోస్తు మళ్లీ వెతుక్కోవడానికి రాలేదు.

గుంత పూడ్చిన నాడు రాజేశ్వరి, ప్రసన్న పెద్దింటి అరుగు మీద కూర్చున్నారు. పక్కన వర్షిణి బొమ్మలకు రంగులు వేసుకుంటోంది. రాజేశ్వరి ఎటో చూస్తూ అడిగింది:

"అయితే... వాడు ఒక్కనాడు కూడా రాలేదా?"

దెయ్యం పోయిందని ఊరంతా కొబ్బరికాయలు కొడుతోంది. ఆ అరుగు మీద మాత్రం ఒక మనిషి రెండోసారి చచ్చిపోయినట్టుంది.

కైలాసానికి ఇంకా ఒక అనుమానం తీరలేదు. బేరం చేసే బుర్ర కదా, లెక్క తేలకపోతే నిద్ర పట్టదు. తొవ్వన పోయేవాళ్లకు తల తిరిగిందంటే సరే, మధ్యలో గోడ ఉండగా పిల్లకు అంత ఆవిరి ఎట్లా తగిలింది? వరండా దిక్కు ఉన్నది ఒక్కటే కిటికీ. అది మూసి ఉంటే లోపలికి అంతగనం రాదు.

"గింత చలిల గా కిటికీ ఎవలు తెరిచిండ్రు?" అన్నాడు.

ప్రసన్న తల ఎత్తలేదు. ఎట్లా ఎత్తుతుంది? ప్రతి అమావాస్య రాత్రీ, పిల్ల నిద్రపోయినంక, ఆ కిటికీ రెక్క జానెడు తెరిచి, చువ్వలకు మొఖం ఆనించి... ఆ అంగీ వాసన కోసం నిలబడింది ఆమే. తన తల తిరిగితే ఏడ్చి ఏడ్చి తిరుగుతుంది అనుకుంది. పెదవి కదిలింది. చెప్పబోయింది.

రాజేశ్వరి ఆమె మొఖం చూసింది. ఆడది ఆడదాని మొఖం చదవడానికి ఎంతసేపు? చెయ్యి చాపి ప్రసన్న చేతిని తన కొంగు కింద దాచేసి, మొగని కండ్లలోకి సూటిగా చూసింది.

"నేనే తెరువుమన్న" అంది. "ఉక్కపోస్తదని."